గెలిచారు సరే, ఆ ఆటేంటండీ?

పోయిన సంచికలో మాటవరసకు ఒక్క వాక్యం రాశాను, యూరో కప్ గెలిచిన జట్లన్నిటిలో 2004 గ్రీస్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం అని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొందరు మర్యాదగా అడిగారు, కొందరు నా అభిరుచి మీద జాలిపడ్డారు, ఒకాయనైతే నిద్రపట్టనివాళ్ళకి ఆ మ్యాచ్‌లు మందుగా ఇవ్వొచ్చన్నారు. అందుకని క్రికెట్, కబడ్డీ ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈసారి పేజీలన్నీ ఈ గొడవకే ఇచ్చేస్తున్నాను. మరీ పొడుగ్గా ఉన్న ఉత్తరాల్ని కొంచెం కత్తిరించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: గ్రీస్ ఆట చూసి ఎవరైనా ఫుట్‌బాల్ మీద ఇష్టం పెంచుకుంటారా సార్? మూడు నాకౌట్ మ్యాచ్‌లు, మూడూ 1-0. మిగతా టైం అంతా పదిమందీ వెనక్కి వెళ్ళి నిలబడటమే. పోర్చుగల్ లాంటి జట్టు సొంతగడ్డ మీద ఏడుస్తుంటే మీకు అభిమానం ఎలా పుట్టింది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఎలా పుట్టిందో చెప్తాను. ఆ టోర్నీకి ముందు గ్రీస్ పెద్ద పోటీల్లో ఆడింది రెండేసార్లు, 1980 యూరో, 1994 ప్రపంచ కప్. రెండింట్లో కలిపి ఒక్క మ్యాచ్ గెలవలేదు. 1994లో అమెరికా వెళ్ళి మూడు మ్యాచ్‌ల్లో పది గోల్స్ తిని, ఒక్కటీ వెయ్యకుండా ఇంటికొచ్చారు. అలాంటి జట్టుకి జర్మనీ నుంచి ఒట్టో రెహగెల్ కోచ్‌గా వచ్చాడు. ఆయన చేతిలో ఫిగో లేడు, జిదాన్ లేడు, ఉన్నవాళ్ళలో చాలామంది సొంత దేశంలో లీగ్ ఆడుకునేవాళ్ళే.

అప్పటికి పెద్ద జట్లన్నీ వదిలేసిన పాత పద్ధతినొకదాన్ని ఆయన బయటికి తీశాడు. ఎదుటి జట్టులో ప్రమాదకరమైనవాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి మనవాడొకడు వెంటపడి వెళ్ళాలి. వీళ్ళందరి వెనకా డెలాస్ అనే పొడుగాటి డిఫెండర్ ఎవర్నీ పట్టించుకోకుండా ఖాళీగా ఉండి, చేజారిన బంతుల్ని ఏరుకోవాలి. ఎవరి జాగా వాళ్ళు కాపాడుకునే డిఫెన్స్‌కి అలవాటుపడ్డ స్టార్లకి, తొంభై నిమిషాలూ ఒకే మనిషి ఊపిరి మెడ మీద తగులుతుంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఫ్రాన్స్‌తో క్వార్టర్‌ఫైనల్లో థియరీ హెన్రీ వెంట సెయిటారిడిస్ తిరిగిన తీరు ఒకసారి మళ్ళీ చూడండి. బంతిని చూడకుండా అతన్ని మాత్రమే చూస్తూ ఒక పది నిమిషాలు చూడండి.

ఇక “పదిమందీ వెనక్కి వెళ్ళి నిలబడటమే” అన్నారు కదా, గ్రూప్ దశలో గ్రీస్‌కీ స్పెయిన్‌కీ చెరి నాలుగు పాయింట్లు, గోల్స్ తేడా కూడా సమానం. గ్రీస్ ముందుకెళ్ళింది ఎందుకంటే ఎక్కువ గోల్స్ వేసింది కాబట్టి, స్పెయిన్ రెండు, గ్రీస్ నాలుగు. అందంగా ఆడే స్పెయిన్ ఇంటికి, ఆట రాని గ్రీస్ క్వార్టర్స్‌కి! ఈ సంగతి తిట్టేవాళ్ళెవరూ చెప్పరు. ఫ్రాన్స్ మీద వేసిన గోల్ అయితే ఏ జట్టు వేసినా పదేళ్ళు చెప్పుకునేది. కెప్టెన్ జగోరాకిస్ కుడివైపు లిజరాజు మీదుగా బంతిని లేపి, పక్కనుంచి తప్పుకుని తనే అందుకుని క్రాస్ వేస్తే ఖారిస్టియాస్ తలతో లోపలికి కొట్టాడు.

సెమీఫైనల్లో చెక్ రిపబ్లిక్ విషయంలో మాత్రం నాకూ బాధే. ఆ టోర్నీలో చూడముచ్చటైన జట్టు వాళ్ళదే, నెదర్లాండ్స్ మీద 0-2 నుంచి లేచి 3-2తో గెలిచినవాళ్ళు. నెద్వెద్ దెబ్బ తగిలి మొదటి సగంలోనే బయటికెళ్ళాడు, ఎక్స్‌ట్రా టైం మొదటి సగం అయిపోతుండగా కార్నర్ మీద డెలాస్ తల తగిలింది. అప్పట్లో సిల్వర్ గోల్ అనే రూల్ ఉండేది, ఎక్స్‌ట్రా టైం మొదటి సగం ముగిసేసరికి ఎవరు ముందుంటే వాళ్ళే గెలిచినట్టు. చెక్ వాళ్ళకి తిరిగి కొట్టడానికి సెకన్లు కూడా మిగల్లేదు. దానికి తిట్టాల్సింది రూల్‌ని, ఆ రూల్‌ని తర్వాత ఎత్తేశారు కూడా.

పోర్చుగల్ మీద జాలి మాత్రం నాకు రాదు. జూన్ 12న మొదటి మ్యాచ్‌లో పోర్టోలో ఇదే గ్రీస్ చేతిలో 2-1తో ఓడారు. జూలై 4న లిస్బన్‌లో ఫైనల్, మళ్ళీ అదే గ్రీస్. మధ్యలో మూడు వారాలు. ఫిగో, డెకో, పందొమ్మిదేళ్ళ రొనాల్డో, రెండేళ్ళ ముందే బ్రెజిల్‌కి ప్రపంచ కప్ తెచ్చిన స్కొలారీ కోచ్‌గా. ఇంతమంది ఉండి, ఎలా ఆడతారో ముందే తెలిసిన జట్టుకి జవాబు వెతకలేకపోతే తప్పు గ్రీస్‌దా?

ప్రశ్న: 1982 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఇటలీ చేతిలో ఓడిన రోజే ఫుట్‌బాల్ చచ్చిపోయిందంటారు పెద్దలు. ఒప్పుకుంటారా?
– రిటైర్డ్ లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: చావలేదు మాస్టారూ, 3-2తో ఓడింది. అయితే ఆ మ్యాచ్‌ని జనం గుర్తుపెట్టుకున్న తీరులోనే ఒక తిరకాసు ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడాలి.

తెలే సంతానా కోచ్‌గా ఉన్న బ్రెజిల్ జట్టు అది. జికో, సోక్రటీస్, ఫల్కావ్, సెరెజో, ఎదెర్. ఐదు మ్యాచ్‌ల్లో 15 గోల్స్ వేశారు. జూలై 5న బార్సిలోనాలోని సరియా స్టేడియంలో ఇటలీతో ఆడేటప్పుడు వాళ్ళకి డ్రా చాలు, సెమీస్‌కి వెళ్ళిపోతారు. ఇటలీ ఏమో మొదటి గ్రూప్‌లో మూడింటికి మూడూ డ్రా చేసుకుని ఎలాగో గట్టెక్కింది. పావ్లో రోసీ బెట్టింగ్ కేసులో రెండేళ్ళు నిషేధంలో ఉండి అప్పుడే తిరిగొచ్చాడు, అప్పటిదాకా ఒక్క గోల్ వెయ్యలేదు. ఆ రోజు మూడు వేశాడు. ఒకదానికి సెరెజో అడ్డంగా ఇచ్చిన బద్ధకపు పాస్ కారణం. 68వ నిమిషంలో ఫల్కావ్ కొట్టి 2-2 చేశాడు. మీరైతే ఏం చేస్తారు? బంతి దగ్గర పెట్టుకుని మిగతా ఇరవై రెండు నిమిషాలు గడిపేస్తారు. బ్రెజిల్ గడపలేదు, గెలుద్దామని ముందుకే వెళ్ళింది, ఆరు నిమిషాల్లో కార్నర్ మీద రోసీ మూడోది వేసేశాడు. చివర్లో ఆస్కార్ హెడర్‌ని నలభై ఏళ్ళ గోల్‌కీపర్ జోఫ్ గోల్ గీత మీద అదిమిపట్టకపోతే కథ వేరుగా ఉండేది.

అందమైనవాళ్ళు ఓడారు, మొరటువాళ్ళు గెలిచారు అని ఆ రోజు నుంచి చెప్పుకుంటున్నాం. కానీ ఇటలీ ఆ రోజు మొరటుగా ఆడలేదండీ. వాళ్ళ డిఫెండర్ జెంటిలే జికో చొక్కా చింపాడు, నిజమే, ఆ ఫోటో అందరూ చూశారు. అంతకుముందు మారడోనాని కూడా అలాగే పట్టుకు వేలాడాడు, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ మ్యాచ్‌లో ఇటలీ కూడా దాడే చేసింది, ఆంతొన్యోని వేసిన నాలుగో గోల్‌ని ఆఫ్‌సైడ్ అని తప్పుగా కొట్టేశారు కూడా. ఆ తర్వాత పోలండ్ మీద రెండు, ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద మూడు వేసి కప్పు తీసుకెళ్ళారు. ఇది ఎలాగోలా గెలిచిన జట్టు లెక్క కాదు. మన మనసులో బ్రెజిల్ హీరో కాబట్టి ఇటలీకి విలన్ వేషం వేశాం.

సంతానా కథలో నాకు నచ్చే భాగం ఆ తర్వాతది. 1986లో మళ్ళీ ప్రపంచ కప్‌కి వచ్చి ఫ్రాన్స్ చేతిలో షూటౌట్‌లో పోయాడు. ఇక ఈయన ఆట చూడ్డానికే బాగుంటుంది, గెలవడానికి కాదు అని బ్రెజిల్లోనే అన్నారు. ఆయన వెళ్ళి సావో పావ్లో క్లబ్‌ని తీసుకున్నాడు. 1992లో, 1993లో దక్షిణ అమెరికా చాంపియన్. ఆ రెండేళ్ళూ టోక్యోలో జరిగిన క్లబ్ కప్‌లో ఒకసారి క్రైఫ్ కోచ్‌గా ఉన్న బార్సిలోనాని, ఒకసారి మిలాన్‌ని ఓడించాడు. అదే మనిషి, అదే నమ్మకం. రోజూ ప్రాక్టీస్ చేయించడానికి ఏడాదంతా ఆటగాళ్ళు చేతిలో ఉన్నారు, అదీ తేడా.

ప్రశ్న: మరి 1994 బ్రెజిల్? కప్పు గెలిచినా సొంత దేశంలోనే ఎవరూ ఆ జట్టుని ప్రేమించలేదట. డూంగాని ఇప్పటికీ తిడతారట. ఎందుకు?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: పాపం డూంగా. 1970 తర్వాత 24 ఏళ్ళు కప్పు రాలేదు, 1982 గాయం అలాగే ఉంది, ఇలాంటప్పుడు పెరేరా అనే కోచ్ వచ్చి ముందు గోల్స్ తినకూడదు, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడు. ఏడు మ్యాచ్‌ల్లో తిన్నవి మూడే. ఇందులో ఒక చిత్రం ఉంది. టోర్నీ మొదలైనప్పుడు కెప్టెన్ రాయీ, అంటే సోక్రటీస్ సొంత తమ్ముడు, టోక్యోలో బార్సిలోనా మీద రెండు గోల్సూ వేసిన సంతానా మనిషి. గ్రూప్ దశ అయ్యాక అతన్ని పక్కన కూర్చోబెట్టి, కెప్టెన్సీ డూంగాకిచ్చి, పరుగులు తీసే మజిన్యోని దింపారు. బ్రెజిల్ జనానికి అది అన్నగారి జట్టు మీద ఇంకో దెబ్బలా అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఫైనల్ పసడీనాలో మండుటెండలో, 120 నిమిషాలు గోల్ లేదు, బజ్జో పెనాల్టీ బారు మీదుగా వెళ్ళింది. నిజంగానే నీరసమైన మ్యాచ్, దాన్ని నేను వెనకేసుకురాను. కాకపోతే రొమారియో, బెబెతో ముందు అలా స్వేచ్ఛగా తిరిగారంటే వెనక డూంగా, మౌరో సిల్వా ఇల్లు కాపలా కాశారు కాబట్టే. నెదర్లాండ్స్ మీద 3-2 మ్యాచ్ చూసినవాళ్ళు ఆ జట్టుని బోరు అనలేరు.

ప్రశ్న: వారాంతంలో యూరప్ క్లబ్ మ్యాచ్‌లు చూసి, ఆ తర్వాత ప్రపంచ కప్ చూస్తే ఉత్సాహం చచ్చిపోతోంది. అదే ఆటగాళ్ళు, అంత నీరసం ఎందుకు? దేశం కోసం ఆడేటప్పుడు భయమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: భయం కొంత, సమయం చాలా. క్లబ్ కోచ్‌కి ఏడాదిలో పది నెలలు ఆటగాళ్ళు రోజూ మైదానంలో కనిపిస్తారు. దేశపు కోచ్‌కి అప్పుడప్పుడు పది రోజులు, టోర్నీ ముందు కొన్ని వారాలు. పది ఊళ్ళ మేళగాళ్ళని పెళ్ళిరోజు పొద్దున్నే కూర్చోబెట్టి కచేరీ చెయ్యమన్నట్టు ఉంటుంది. డిఫెన్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో రెండు వారాల్లో నేర్పొచ్చు. కార్నర్లు ఇంకా తొందరగా నేర్పొచ్చు. చూడకుండానే పాస్ ఇస్తే అక్కడ మనవాడుంటాడు అనే నమ్మకం మాత్రం అంత తొందరగా రాదు. టోర్నీ జట్లు జాగ్రత్తగా ఆడటానికి సగం కారణం ఇదే, పిరికితనం తక్కువే.

దీన్ని తిరగేసి చూడండి. అందంగా ఆడిన దేశపు జట్లన్నీ ఏదో ఒక దారిలో ఈ సమయాన్ని సంపాదించుకున్నవే. 1954 హంగరీలో పుష్కాష్, బోజిక్, కోచిష్, చిబోర్ అంతా సైన్యం నడిపిన హోన్వెద్ క్లబ్ వాళ్ళు. 1974 నెదర్లాండ్స్‌కి వెన్నెముక అయాక్స్. 2010 ఫైనల్లో స్పెయిన్ దింపిన మొదటి పదకొండు మందిలో ఆరుగురు బార్సిలోనాలో ఆడేవాళ్ళు. 2024లో స్పెయిన్ యూరోలో ఏడుకి ఏడు మ్యాచ్‌లూ గెలిచి 15 గోల్స్ వేసింది, ఒక యూరోలో ఒక జట్టు అన్ని వెయ్యడం అదే మొదలు. ఆ కోచ్ దె లా ఫ్వెంతే ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. రోద్రీ, మెరీనో, ఉనాయ్ సిమోన్‌లతో 2015లో అండర్-19 యూరో గెలిచాడు, ఫాబియన్ రూయిజ్, ఓల్మో, ఓయార్‌సబాల్‌లతో 2019లో అండర్-21 గెలిచాడు, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. ఆ పిల్లలతో ఆయనది ఏళ్ళ పరిచయం. ఫైనల్లో 86వ నిమిషంలో ఇంగ్లండ్ మీద గోల్ వేసింది ఆ ఓయార్‌సబాలే.

ప్రశ్న: పాసులే పాసులు, గోల్ లేదు. 2010 స్పెయిన్ ఆట అందమా, సహన పరీక్షా? ఒక్క మాటలో చెప్పండి.
– గృహిణి, నెల్లూరు

జవాబు: ఒక్క మాటలో అయితే, డిఫెన్స్.

కొంచెం వివరిస్తానమ్మా. ఏడు మ్యాచ్‌ల్లో వాళ్ళు వేసింది ఎనిమిదే గోల్స్, ప్రపంచ కప్ గెలిచిన ఏ జట్టూ అంత తక్కువ వెయ్యలేదు. మొదటి మ్యాచ్ స్విట్జర్లాండ్‌తో ఓడారు, నాకౌట్ నాలుగూ 1-0. గ్రీస్‌వి మూడు 1-0లు, స్పెయిన్‌వి నాలుగు, గ్రీస్‌ని తిట్టినవాళ్ళే స్పెయిన్‌ని పొగిడారు! బంతి మన దగ్గరుంటే ఎదుటివాడు గోల్ వెయ్యలేడు అన్న లెక్క మీద నడిచిన జట్టది, తిన్నవి రెండే. షావీ, ఇనియెస్తా ఉన్నారు కాబట్టి ఆ కాపలా కూడా కళ్ళకి బాగుంది. వాళ్ళ మంచి రోజులు దాటిపోయాక అదే పద్ధతితో 2018లో రష్యా మీద, 2022లో మొరాకో మీద వెయ్యికి పైగా పాసులిచ్చి రెండుసార్లూ షూటౌట్‌లో పోయారు. మొరాకో మ్యాచ్‌లో నేను కన్నార్పకుండా చూసింది మొరాకోనే, అమ్రాబత్ ఎంతసేపటికి అలసిపోతాడా అని.

ప్రశ్న: మీ వాలకం చూస్తే అసహ్యమైన ఆట అనేదే లేదన్నట్టుంది. గెలిస్తే అన్నీ ఒప్పేనా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: ఎందుకు లేదు, బోలెడుంది. వెనక్కి వెళ్ళి కాపాడుకోవడం నాకు తప్పుగా కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎదుటివాడికి ఆడే అవకాశం ఉంది, వాడు తాళం తియ్యాలి, నువ్వు తియ్యనివ్వకూడదు, అదే ఆట. ఆట జరగడమే ఇష్టం లేనట్టు ప్రవర్తిస్తే మాత్రం అసహ్యం.

1982 జూన్ 25, స్పెయిన్‌లో హిహోన్ అనే ఊరు. పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్. అల్జీరియా అప్పటికే జర్మనీని 2-1తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది, వాళ్ళ చివరి మ్యాచ్ ముందురోజే అయిపోయింది. జర్మనీ ఒక గోల్ తేడాతోనో, రెండింటితోనో గెలిస్తే జర్మనీ, ఆస్ట్రియా రెండూ పైకెళ్తాయి, అల్జీరియా ఇంటికెళ్తుంది. 10వ నిమిషంలో హ్రుబెష్ గోల్ వేశాడు. ఆ తర్వాత 80 నిమిషాలు రెండు జట్లూ బంతిని అటూ ఇటూ దొర్లించుకున్నాయి. స్టాండ్స్‌లో అల్జీరియా అభిమానులు కరెన్సీ నోట్లు ఊపి చూపించారు. ఫిర్యాదు చేస్తే, ఏ రూలూ తప్పలేదు కదా అని కొట్టేశారు. నన్నడిగితే ప్రపంచ కప్ చరిత్రలో అంతకన్నా వికారమైన గెలుపు ఇంకోటి లేదు, అందులో ఒక్క మొరటు ఫౌల్ అక్కర్లేకపోయింది చూశారా. దాని పుణ్యమే, 1986 ప్రపంచ కప్ నుంచి గ్రూప్‌లో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి పెడుతున్నారు.

ఇంకోటి 1990. ఆ ప్రపంచ కప్‌లో 52 మ్యాచ్‌లకి 115 గోల్స్, సగటున అంత తక్కువ మరే ప్రపంచ కప్‌లోనూ లేదు. మారడోనా ఉన్న అర్జెంటీనా ఏడు మ్యాచ్‌ల్లో ఐదు గోల్స్‌తో, రెండు షూటౌట్లతో ఫైనల్‌కి వెళ్ళింది, అక్కడ ఇద్దరు రెడ్ కార్డు తెచ్చుకుని పెనాల్టీకి ఓడింది. ఐర్లండ్ ఇంకా ఘనం, షూటౌట్ తప్ప ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా, రెండే గోల్స్‌తో క్వార్టర్‌ఫైనల్ చేరింది. ఐర్లండ్, ఈజిప్ట్ మ్యాచ్‌లో డిఫెండర్ వెనక్కివ్వడం, గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవడం, మళ్ళీ దొర్లించడం, మళ్ళీ పట్టుకోవడం, చూసేవాళ్ళకి టెన్షన్ కూడా లేదు, విసుగే. అయితే వాళ్ళకి నీతులు చెప్పి ఉంటే ఏమీ మారేది కాదు. 1992లో, సహచరుడు కాలితో కావాలని వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో తాకకూడదన్నారు. 1994 ప్రపంచ కప్‌లో గెలుపుకి రెండు బదులు మూడు పాయింట్లు పెట్టారు. ఆట మారింది. రూల్ వదిలిపెట్టిన సందులోంచి కోచ్ దూరతాడు, అది అతని ఉద్యోగం, సందు మూయడం రూల్ రాసేవాళ్ళ పని.

ఇక మూడో రకం, ఎదుటివాణ్ణి దెబ్బకొట్టి ఆపడం. 2010 ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యోంగ్ ఎగిరి షాబీ అలోన్సో ఛాతీ మీద బూటు పెట్టాడు. 14 ఎల్లో కార్డులు చూపించారు ఆ మ్యాచ్‌లో. నెదర్లాండ్స్ అలా ఆడుతుంటే ఎక్కువ మండిపడింది వాళ్ళ దేశపు దేవుడు క్రైఫే.

ప్రశ్న: 2010లో ఘనా మీద సువారెజ్ చేత్తో గోల్ ఆపాడు. ఒక ఖండం మొత్తం కల చెరిపేశాడు. దాన్ని ఏ ఖాతాలో వేస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న మీతో కలిపి చాలామంది అడిగారు, నా జవాబు చాలామందికి నచ్చదు. ఎక్స్‌ట్రా టైం కూడా దాటిపోయాక 1-1 దగ్గర బంతి లోపలికి వెళ్తోంది, అతను చేతులడ్డం పెట్టాడు. రిఫరీ చూశాడు, రెడ్ కార్డు ఇచ్చాడు, పెనాల్టీ ఇచ్చాడు. ఘనా ఆటగాడు జాన్ కొట్టిన పెనాల్టీ బారుకి తగిలి ఎగిరిపోయింది, షూటౌట్‌లో ఉరుగ్వే 4-2తో గెలిచింది. సువారెజ్ సెమీఫైనల్ ఆడలేదు, ఉరుగ్వే ఓడింది. అంటే రూల్ ఆ తప్పుకి ఒక ధర పెట్టింది, అతను ఆ ధర చెల్లించాడు. ఆ ధర తక్కువ అనిపిస్తే, అలాంటప్పుడు నేరుగా గోల్ ఇచ్చేయాలి అని మీరు వాదిస్తే, నేనూ మీ పక్కనే నిలబడతాను. దొరికిపోకుండా మోసం చెయ్యడం వేరు. 1986లో మారడోనా చేత్తో వేసిన గోల్‌కి ఏ ధరా చెల్లించలేదు, కానీ దాన్ని దేవుడి చెయ్యి అని పూజిస్తాం, సువారెజ్‌ని దొంగ అంటాం. నాకైతే ఈ న్యాయం అర్థం కాదు.

ప్రశ్న: మన హైదరాబాద్ రహీమ్ సాబ్ ఏ పక్షం? అందమా, గెలుపా?
– మాజీ లీగ్ ఆటగాడు, సికింద్రాబాద్

జవాబు: అబ్బ, ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నానన్నా. సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్వతహాగా పంతులు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించినవాడు. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేసేవాళ్ళంటే ఆయనకి పడదు. తొందరగా పాస్ ఇవ్వాలి, రెండు కాళ్ళూ పని చెయ్యాలి, ఇదీ ఆయన బడి. ఆ ఆటతోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం. 1960 రోమ్‌లో హంగరీతో 2-1తో ఓడినా, మన గోల్ వేసింది మీ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్. కాబట్టి అందం పక్షమే అనుకోవచ్చు.

కానీ 1962 జకార్తా ఆసియా క్రీడలు చూడండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఏం చేశాడంటే, సెమీఫైనల్లో ఆ కుట్ల తలతోనే అతన్ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు! దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ వేశాడు, ఫైనల్లో మళ్ళీ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1, బంగారు పతకం. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది, వెనక గోల్‌లో మన తంగరాజ్. పాఠ్యపుస్తకం ప్రకారం ఆ ఎత్తు అందమైనదేమీ కాదు, గాయపడ్డ డిఫెండర్‌ని ముందుకు తోసి బలం మీద ఆడించడం. శిక్షణలో ఒకటి నేర్పి, టోర్నీలో చేతికందింది వాడుకున్నాడు. అప్పటికే ఆయనకి క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయాడు. ఆ ఫైనల్ ఎంత అందంగా ఆడామని ఎవరైనా అడగ్గా నేనైతే వినలేదు.

ప్రశ్న: 2024 యూరోలో ఇంగ్లండ్ అభిమానులు సొంత కోచ్ మీదే ప్లాస్టిక్ గ్లాసులు విసిరారు. ఆ జట్టే చివరికి ఫైనల్ ఆడింది. అభిమానులకి ఏం కావాలో వాళ్ళకే తెలీదా?
– ఆటో డ్రైవర్, గుంటూరు

జవాబు: తెలుసన్నా, రెండూ కావాలి. గెలవాలి, అదీ చూడ్డానికి బాగుండాలి. స్లొవేనియాతో 0-0 తర్వాత గ్లాసులు పడ్డాయి. తర్వాతి మ్యాచ్‌లో స్లొవేకియా మీద 95వ నిమిషంలో బెల్లింగామ్ గాల్లో వెల్లకిలా తిరిగి కొట్టకపోతే కోచ్ సౌత్‌గేట్ ఇంటికెళ్ళేవాడే. వాళ్ళ కోపం నాకర్థమవుతుంది. అంతమంది దాడి ఆటగాళ్ళని పెట్టుకుని అలా ఆడటం గ్రీస్ చేసిన పని లాంటిది కాదు. గ్రీస్ ఉన్నదానికన్నా ఎక్కువ పిండింది, ఇంగ్లండ్ ఉన్నదానికన్నా తక్కువ.

పోర్చుగల్ 2016లో ఇంకా విచిత్రం. గ్రూప్‌లో మూడూ డ్రాలే, మూడో స్థానం. ఇదివరకైతే సూట్‌కేసు సర్దుకోవాల్సిందే. 24 జట్లు చేశాక మూడో స్థానం వాళ్ళలోనూ నలుగురికి దారి ఇచ్చారు కాబట్టి మిగిలారు. ఏడు మ్యాచ్‌ల్లో 90 నిమిషాల్లోపు గెలిచింది వేల్స్ మీద ఒక్కటే. ఫైనల్లో 25వ నిమిషానికి రొనాల్డో గాయంతో వెళ్ళిపోయినా 109వ నిమిషంలో ఎదెర్ గోల్‌తో ఫ్రాన్స్‌ని ఓడించారు. 2004లో గ్రీస్ మీద ఏడ్చినవాళ్ళే, పన్నెండేళ్ళ తర్వాత గ్రీస్ లాగే గెలిచారు, లిస్బన్‌లో ఎవరూ కప్పు తిరిగిచ్చెయ్యమనలేదు.

ప్రశ్న: తప్పించుకోకుండా చెప్పండి. మీ జట్టుకి 1982 బ్రెజిల్ ఆట కావాలా, 2004 గ్రీస్ కప్పు కావాలా?
– ఇంటర్ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: గ్రీస్ కప్పు. బ్రెజిల్ 1982లో ఓడేనాటికి వాళ్ళ అల్మరాలో అప్పటికే మూడు ప్రపంచ కప్పులున్నాయి, ఓటమిని ప్రేమించే తీరిక వాళ్ళకుంది. గ్రీస్‌కి అదొక్కటే. 2006 ప్రపంచ కప్‌కి అర్హతే రాలేదు, 2008 యూరోలో మూడింటికి మూడూ ఓడారు, అయినా ఆ జూలై రాత్రిని ఎవరూ లాక్కోలేరు. ఇక ఆదివారం మధ్యాహ్నం ఊరికే పెట్టుకుని చూడ్డానికైతే సరియా మ్యాచే, అందులో అనుమానం లేదు.

వచ్చే సంచికలో పెనాల్టీ షూటౌట్ల మీద ప్రశ్నలు తీసుకుంటాను. సువారెజ్ మీద కొత్త తిట్లు మాత్రం పంపకండి, పాతవే ఒక సంచీ నిండా ఉన్నాయి.